గడ్డిని తొక్కరాదు

గురువారం పొద్దున ఏడు గంటలకు సౌందర్య ఆనాటి కార్యక్రమాన్ని ఒక తెల్లకాగితం మీద రాసుకుంది. పది గంటలకు హాల్లో కుర్చీలు వేయించడం. పదింపావుకు పాట. పాటతో పాటు చేతులు పైకి, చేతులు కిందికి, మడమలు పైకి, మడమలు కిందికి. పదకొండుకు చాయ్. పదకొండున్నరకు హైదరాబాదు నుంచి తనిఖీకి వచ్చే డాక్టరు మేడం కారు దిగేసరికి వృద్ధులందరూ చిరునవ్వుతో చప్పట్లు కొడుతూ ఉండడం. కాగితం మీద ఇదంతా చాలా సులువుగా కనిపించింది. చిరునవ్వు అన్న మాట కింద ఆమె రెండు గీతలు కూడా గీసింది.

వనపర్తి ఊరిబయట, పెబ్బేరు వెళ్ళే దారిలో ఉంది చల్లనీడ వృద్ధాశ్రమం. అందులో ఇరవై రెండు మంది ఉంటారు. నాగర్‌కర్నూలు అమ్మాయి సౌందర్య ఫిజియోథెరపీ చదివి అక్కడ ఉద్యోగంలో చేరి నెలన్నర అయింది. వృద్ధుల చేత పాటలతో వ్యాయామం చేయించడం, దానివల్ల వాళ్ళ ఒళ్ళూ మనసూ కుదుటపడ్డాయో లేదో రాసిపెట్టడం ఆమె పని. రాయడానికి ఒక ఫారం ఉంది. దాని మీద ఐదు ముఖాల బొమ్మలు, నవ్వే ముఖం నుంచి పళ్ళు కొరికే ముఖం దాకా. పాటకు ముందు ఒకసారి, పాట తర్వాత ఒకసారి ప్రతి ఒక్కరూ తమకు తగిన ముఖం మీద వేలిముద్ర వేయాలి. మొదటి నెలంతా పాటకు ముందు ముద్రలు నడిమి ముఖం మీద, పాట తర్వాత ముద్రలు పళ్ళు కొరికే ముఖం మీద పడ్డాయి.

పది రోజులుగా పాటకు ముందు కూడా పళ్ళు కొరికే ముఖం మీదే పడుతున్నాయి. దానికి కారణం మేనేజరు నర్సింహులు తెప్పించిన పచ్చిక.

నర్సింహులు తహసీలు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ముప్ఫయ్యేళ్ళు పెద్ద అధికారుల బంగళాల ముందున్న పచ్చికను గేటు బయట నిలబడి చూశాడు. తనిఖీకి మేడం వస్తుందనగానే ఆశ్రమం ముందున్న ఎర్రనేలను చదును చేయించి, ఎక్కడి నర్సరీ నుంచో చాపల్లా చుట్టిన గడ్డిని లారీలో తెప్పించి పరిపించాడు. చుట్టూ ఇటుకలతో అంచు కట్టించాడు. ‘గడ్డిని తొక్కరాదు’ అని బోర్డు పెట్టించాడు. సెప్టెంబరు వచ్చినా వాన జాడ లేదు. ఆ ఎండలో గడ్డి బతకాలంటే పొద్దున గంట, సాయంత్రం గంట బోరు నడవాలి. ఉన్నది ఒక్క బోరు. అందుకని వృద్ధుల స్నానాలు మొదట రోజు విడిచి రోజుకు, తర్వాత మూడు రోజులకు ఒక బకెట్టుకు దిగాయి. అడిగినవాళ్ళకు నర్సింహులు చెప్పే మాట ఒక్కటే: “మేడం వచ్చిపోయేదాక జర ఓపిక పట్టుండ్రి. మీకోసమే గద చేస్తున్న.”

ముందురోజు బుధవారం సౌందర్య ఒక రిహార్సల్ పెట్టింది. సెల్‌ఫోన్లో వేణువు పెట్టి, “గాలి లోపలికి తీసుకోండి, నెమ్మదిగా విడవండి” అంది. మూడో నిమిషానికి పదిహేడు మంది నిద్రపోయారు. అదే సమయానికి నర్సింహులు లోపలికి వచ్చాడు.

“ఏందమ్మా ఇది? రేపు మేడం వచ్చి చూస్తే అందరికీ మత్తుగోలీలు ఇచ్చినమనుకుంటది! లేపు వీళ్ళను!”

“వేణువు మనసుకు మంచిది సార్.”

“మనసు సంగతి తర్వాత. మనిషి కండ్లు తెరిచి ఉండాలె. వాళ్ళకు తెలిసిన పాట పాడించు, చేతులు గిట్ల ఊపించు. రేపు గిన ఇజ్జత్ పోయిందనుకో, ఎల్లుండి నువ్వు బట్టలు సర్దుకొని పోవుడే.”

సౌందర్యకు ఒళ్ళు మండింది. కానీ ఉద్యోగం కంటే ఆమెను పట్టి కుదిపే విషయం ఇంకొకటి ఉంది. అది కాంతమ్మ.

కాంతమ్మది వీపనగండ్ల. డెబ్బై నాలుగేళ్ళు. వయసంతా కాలువలు తవ్వింది, డ్యాములకు మట్టి మోసింది. ఊళ్ళో ఉన్న రోజుల్లో నాట్లకూ కలుపులకూ పోయేది. ఆమె పాట ఎత్తుకుంటే జాము పట్టే కలుపు అరజాములో అయిపోయేదని ఆ చుట్టుపక్కల చెప్పుకునేవాళ్ళు. భర్త బాలయ్య పోయాక, మోకాళ్ళు మొరాయించాక, ఎవరినీ అడగకుండా తనే ఆటో మాట్లాడుకొని, ఒక రేకుపెట్టెతో చల్లనీడకు వచ్చింది. వచ్చి కిటికీ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పదకొండు నెలలైంది, తిండికీ పడకకూ తప్ప అందులో నుంచి లేవలేదు. ఇలాగే కూర్చుంటే చలికాలం లోపల మంచం పడుతుందని నెలనెలా వచ్చే డాక్టరు సౌందర్యతో ఖచ్చితంగా చెప్పాడు.

గురువారం పదింటికి నర్సింహులు ఇస్త్రీ చొక్కా వేసుకొని మేడంకు ఎదురుపోయాడు. హాల్లో కుర్చీలు పడ్డాయి. సౌందర్య నేరుగా కాంతమ్మ దగ్గరికి వెళ్ళింది.

“అవ్వా, ఇయ్యాల ఒక్క పాట పాడవా? చేతులు ఊపకున్నా సరే.”

“పాడ.”

“ఎందుకవ్వా?”

“నలభయ్యేండ్లు వంగిన బిడ్డా. వంగు అంటే వంగిన, లెవ్వు అంటే లేసిన. ఇగో, ఇప్పటికి ఒక కుర్సీ దొరికింది. నువ్వొచ్చి మల్ల వంగు, లెవ్వు అంటున్నవు. గప్పుడు కూలన్న ఇచ్చిన్రు.”

జవాబు అవతలి వరుసలోంచి వచ్చింది.

“ఆమె పాడకుంటే దునియ ఆగిపోతదా? నేను పాడత!” అన్నాడు గోవిందు.

గోవిందుది గట్టు మండలం. మెట్టచేల రైతు. మబ్బు కోసం చూసి చూసి మెడ పట్టేసిందని చెప్పుకుంటాడు. చల్లనీడలో వ్యాయామం శ్రద్ధగా చేసేది ఆయనొక్కడే. మిగతావాళ్ళు చేయకపోతే కోప్పడేదీ ఆయనే. యాభయ్యేళ్ళు కూలీలను అదిలించిన గొంతు అది. గొంతు సవరించుకొని, కళ్ళు మూసుకొని ఎత్తుకున్నాడు.

“గట్టుమీద నిలవడ్డ గొడుగు పటేలా,
సల్లంగ నువ్వుండు గొడుగు పటేలా...”

“ఆపు!” అంది కాంతమ్మ.

గోవిందు కళ్ళు తెరిచాడు. “ఎందుకు ఆపాలె?”

“ఆ పాట నీకు ఎవరు నేర్పిన్రు?”

“నేర్పుడేంది? నా చేన్ల కూలోల్లు పాడుతుంటే యాభయ్యేండ్లు విన్న. నన్ను దీవించుకుంట పాడేటోల్లు.”

“దీవించుకుంటనా!” కాంతమ్మ కుర్చీ చేతుల మీద రెండు అరచేతులు ఆనించి ముందుకు వంగింది. “అది దీవెన గాదు పటేలా, తిట్టు. నువ్వు దగ్గరికొస్తే సల్లంగుండు అని తిప్పేటోల్లం. నువ్వు గట్టు దిగిపోతే అసలు పాట. ఇను!”

పదకొండు నెలల తర్వాత ఆమె గొంతు విప్పింది. మొదటి మాట బొంగురుగా వచ్చింది, రెండో మాటకు అద్దాలు అదిరాయి.

“గట్టుమీద నిలవడ్డ గొడుగు పటేలా,
నీడ నీకేనా? నడుము మాకేనా?
సద్ది నీ మూటల, ఎండ మా తట్టల,
పొద్దు గూకదేందిరో గొడుగు పటేలా!”

వెనక వరుసలోని ఆడవాళ్ళు పక్కున నవ్వి, ఎప్పటి అలవాటో, రెండో పాదం అందుకున్నారు. ఈ పాట వాళ్ళందరికీ తెలుసు. గోవిందు ముఖం ఎర్రబడింది.

“అంటే యాభయ్యేండ్లు నన్ను తిట్టిన్రా? నా చేన్ల నిలవడి, నా నీళ్ళు తాగి?”

“యాభయ్యేండ్లు నువ్వు గొడుగు కింద నిలవడితివి గద!”

“నా చేను, నా గొడుగు!”

“మా నోరు, మా పాట!”

సౌందర్యకు చప్పట్లు కొట్టాలనిపించింది. నెలన్నరలో హాలు ఇంత మేలుకొని ఉండడం చూడలేదు. కానీ పాట మళ్ళీ ఎత్తుకున్న కాంతమ్మ నడుమనే ఆగిపోయి, చిరాకుగా తల అడ్డంగా ఊపింది.

“కూసోని వస్తలేదు. దీనికి చేతిల గడ్డి ఉండాలె. గడ్డి పట్టి గుంజినప్పుడు దమ్ము పడ్తది, ఆ దమ్ము మీద పాట నడుస్తది. ఉత్త చేతులతోని పాడితే శవం లేని ఏడుపు లెక్కుంటది.”

“అయితే గడ్డి దగ్గరికే పోదాం అవ్వా!” సౌందర్య ఎగిరి గంతేసినంత పని చేసింది. వంటింటి వెనక పెరట్లో తుంగా, వయ్యారిభామా మోకాలెత్తు పెరిగి ఉన్నాయి. “బయట మస్తు గడ్డి ఉంది గద! పీకుకుంట పాడుర్రి!”

“ఏ గడ్డి?” అంది కాంతమ్మ.

సరిగ్గా అప్పుడు ఆఫీసు గదిలో ఫోను మోగింది. “అదే అవ్వా, బయటి గడ్డి!” అని చెయ్యి గాల్లో ఊపి సౌందర్య పరుగెత్తింది. ఆ చెయ్యి ఎటు చూపిందో తర్వాత ఆమెకు కూడా గుర్తు రాలేదు.

కాంతమ్మ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత కుర్చీ చేతులు పట్టుకొని లేచింది. మోకాళ్ళు టకటకమన్నాయి. ఆయాగా పనిచేసే రెబెకా పరుగున వచ్చి చెయ్యి అందించింది. కాంతమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు. గోడ పట్టుకొని ముందు తలుపు వైపు నడిచింది. ఆమె వెనక తొమ్మిది మంది ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు. అందరి వెనక, కోపం తగ్గకపోయినా తన అవసరం లేకుండా కలుపు ఎట్లా తీస్తారో చూద్దామని, గోవిందు.

ఇటుకల అంచు దగ్గర రెబెకా అడ్డుపడింది. “అవ్వా, ఇది సారు గడ్డి!”

“సౌందర్య బయటి గడ్డి అన్నది. ఇది లోపలుందా?”

“బోర్డు ఉంది గదవ్వా.”

“నాకు సదువు రాదు. ఏమున్నది పటేలా దాని మీద?”

గోవిందు కళ్ళద్దాలు తుడుచుకొని అక్షరం అక్షరం కూడబలికాడు. కూలివాళ్ళు అడ్డమైన మాట అడిగినా సరైన జవాబు చెప్పడం ఆయన అలవాటు. “గడ్డిని తొక్కరాదు.” కాస్త ఆలోచించాడు. “తొక్కొద్దన్నడు. పీకొద్దనలే.”

రెబెకా పక్కగోడకున్న ఆఫీసు కిటికీ దగ్గరికి పరుగెత్తింది. ఆ కిటికీలోంచి ముందు వాకిలి కనపడదు. లోపల సౌందర్య ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో ఇరవై రెండు ఫారాలు పట్టుకొని ఉంది.

“సౌందర్యమ్మా, గడ్డి పీకమన్నవా?”

“పీకమన్న, పీకమన్న! పోనీ!” అంది సౌందర్య.

బయట కాంతమ్మ మునుం పట్టించింది. అంటే మనుషులను వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరికి ఒక సాలు అప్పజెప్పింది. వంగలేనివాళ్ళను ఇటుకల మీద కూర్చోబెట్టింది. తను నడుం వంచింది. వంచగానే నొప్పికి ఒక బూతు తిట్టింది. ఆ తిట్టు మీదనే పాట అందుకుంది. నాటి పది రోజులే అయింది గనుక గడ్డికి ఇంకా వేళ్ళు దిగలేదు. పట్టి గుంజితే బొంత లేచినట్టు బారెడు బారెడు లేచి వస్తోంది. ఇంత తేలిగ్గా లేచే కలుపును ఆ ముసలివాళ్ళు జన్మలో చూడలేదు. పాట ఊపందుకుంది.

కాంతమ్మ కూడా వంగి లేస్తోందని రెబెకా కిటికీలోంచి చెప్పిపోయిన కాసేపటికి ఆఫీసులో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి నర్సింహులు మేడం కారులోనే ముందుసీట్లో కూర్చొని మాట్లాడుతున్నాడు.

“ఏం నడుస్తుంది అక్కడ?”

“సార్, పాడుతుండ్రు! అందరు లేసిన్రు సార్! కాంతమ్మ గూడ లేసింది! వంగుతుంది, లేస్తుంది!”

“కాంతమ్మనా? కుర్సీల కాంతమ్మనా?” నర్సింహులు సీట్లో ఎగిరి కూర్చున్నాడు. “సూడు, ఒక్కరు గూడ ఆగొద్దు. మేడం వచ్చేదాక నడవాలె. ఫోను కిటికీల పెట్టు, మేడం వింటది.”

సౌందర్య ఫోను కిటికీలో పెట్టింది. కారులో డాక్టరు సరిత కాసేపు విని, “బాగుంది, గొంతులో ప్రాణం ఉంది. ఏం చేయిస్తున్నారు?” అంది. నర్సింహులు సీట్లో వెనక్కి తిరిగి, “అంతా నా ఐడియానే మేడం. దగ్గరుండి సూసుకుంట,” అన్నాడు.

ఇక్కడ గోవిందు ఇటుకల అంచు ఎక్కి నిలబడ్డాడు. ఎండగా ఉందని రెబెకా గొడుగు అడిగి తీసుకున్నాడు. ఆడవాళ్ళు అది చూసి ‘గొడుగు పటేలా’ అన్న మాట మరింత గట్టిగా అన్నారు. ఆయన పళ్ళు కొరుకుతూనే, “ఆ మూల వదిలేసిన్రు, కండ్లు లేవా?” అని అదిలిస్తున్నాడు. పీకిన గడ్డి నాలుగు కుప్పలైంది. ఎండలో వాడిపోతున్న పచ్చిమేతను చూస్తే ఆయన రైతుప్రాణం ఓర్వలేకపోయింది. రోడ్డు మీద గొర్రెల మందను తోలుకుపోతున్న వెంకటన్న కనిపించాడు.

“ఓ పిలగా! మేత కావాల్నా?”

వెంకటన్నకు అరవై ఏళ్ళు. పిలగా అన్నందుకు ఆయనకూ కోపం వచ్చింది. అయినా గేటులోంచి తొంగిచూసి నోరు తెరిచాడు. “ఇంత మెత్తటి గడ్డి యాడిది పెద్దాయనా? నేను పండుకునే బొంత గూడ గింత మెత్తగుండదు.” మేడం కోసం గేటు బార్లా తెరిచి పెట్టారు. మేత కనపడ్డ గొర్రెలు పిలుపు కోసం ఆగవు. నలభై గొర్రెలు లోపలికి వచ్చాయి. కుప్పలు నాలుగూ అయిపోయాక, ఇంకా పీకని పచ్చిక మీద పడ్డాయి. ఆ తర్వాత వాకిట్లో బల్ల మీద పెట్టిన పూలగుత్తి మీద పడ్డాయి.

“నా మునుంల గొర్లు పెట్టినవేంది పటేలా!” అని కాంతమ్మ అరిచింది.

“గడ్డి ఎండుతుంటే సూసుకుంట ఉండమంటవా!” అని గోవిందు అరిచాడు.

గొర్రెల అరుపులకు సౌందర్య బయటికి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. పచ్చికకు బదులు ఎర్రమట్టి కనిపించింది. మట్టి మీద పదిహేను మంది ముసలివాళ్ళు, నలభై గొర్రెలు. తర్వాత పరుగెత్తి గొర్రె నోట్లోంచి ఒక గడ్డిచాప లాక్కొని, మట్టి మీద పరిచి, పాదంతో అదిమింది. గొర్రె వచ్చి దాన్ని మళ్ళీ లాగింది.

“అవ్వా, ఆపు! ఆపవ్వా! ఎంత పని చేసినవు! ఎనక పెరట్ల పీకమన్న!”

“ఎనక అనలే. బయట అన్నవు.”

“అయ్యో, ఆపు!”

“ఇంకో నాలుగు బారలుంది. మునుం పట్టినంక నడుమ ఇడుస్తరా బిడ్డా? ఎవ్వరు ఇడువరు.”

కారు వచ్చి గేటు బయట ఆగింది. లోపలికి రావడానికి గొర్రెలు దారి ఇవ్వలేదు. నర్సింహులు ముందుగా దిగాడు. నవ్వుతూ దిగాడు, ఎందుకంటే పాట గట్టిగా వినిపిస్తోంది. నాలుగడుగులు వేశాక నవ్వు ముఖం మీదనే గడ్డకట్టింది. బోర్డు ఉంది. బోర్డు వెనక గడ్డి లేదు.

“సౌందర్యా!” ఆ కేకకు గొర్రెలు కూడా తలలెత్తాయి. “ఏంది ఇది? నీకు కండ్లున్నయా? పది దినాలు కన్నబిడ్డ లెక్క సాకిన! నిన్ను ఇప్పుడే, ఈ నిమిషంలనే పీకేస్త!”

“సార్, మీరే ఆపొద్దన్నరు...”

“పాట ఆపొద్దన్న! గడ్డి పీకమన్ననా?”

“ఆ పిల్లనెందుకు అంటవు?”

మాట అన్నది కాంతమ్మ. ఆఖరి చాప చేతిలో పట్టుకొని నిలబడి ఉంది. నిటారుగా నిలబడి ఉంది. ఆమె అంత పొడుగు మనిషని చల్లనీడలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

“పీకింది నేను. నన్నడుగు.”

నర్సింహులు మేడం వైపు తిరిగి చేతులు నలిపాడు. “పాపం, తెల్వనోల్లు మేడం. సదువు లేదు. కలుపనుకున్నరు.”

“తెల్వకనా?” కాంతమ్మ చేతిలోని గడ్డిని నేలకేసి కొట్టింది. “నలభయ్యేండ్లు కలుపు తీసిన. ఏది కలుపో, ఏది పైరో నాకు తెల్వదా సారూ? ఒక పనికొచ్చే గింజ పెట్టదు. ఒక కాయ గాయదు. ఉన్న నీళ్ళన్ని తాగుతది. దాని పక్కన ఉన్నోల్లు ఎండిపోతరు. దాన్ని మా దిక్కు కలుపనే అంటరు!”

సౌందర్యకు అప్పుడు అర్థమైంది. ఈ మనిషి కిటికీ పక్కన కూర్చొని పది రోజులుగా చూసింది గడ్డి మీద పడే నీళ్ళనే.

“నీళ్ళ సంగతేంటి?” అంది డాక్టరు సరిత. ఆమె చెప్పుల నిండా ఎర్రమట్టి, ఒక గొర్రె ఆమె హ్యాండుబ్యాగును వాసన చూస్తోంది. ఆమెకూ చిరాగ్గానే ఉంది.

అందరూ నర్సింహులు వైపు చూశారు. ఆశ్రమం పరువు అన్నది ఒకటి ఉంటుంది కదా. చివరికి గోవిందు గొడుగు మూశాడు. తిట్టినా, పెట్టినా, కూలి మనిషి నిజం చెప్పి ఒంటరిగా నిలబడితే ఆయనకు గట్టుమీద నిలవబుద్ధి కాలేదు. అంచు దిగి వచ్చి కాంతమ్మ పక్కన మట్టిలో నిలబడ్డాడు.

“మూడు దినాలకు ఒక్క బకెట్ మేడం. గడ్డికి రోజుకు రెండు గంటల బోరు. నేను రైతును, నాకు లెక్క తెలుసు.”

డాక్టరు సరిత ఇంకేమీ అడగలేదు. నేరుగా స్నానాల గదిలోకి వెళ్ళింది. ఆమె కుళాయి తిప్పిన చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ రాకపోవడం, వాకిట్లో అందరికీ వినిపించాయి. తిరిగి వచ్చాక ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది నర్సింహులుకు.

“గడ్డి ఎవరి కోసం వేయించారు?”

“మీకోసమే మేడం. మీరు వస్తున్నరని.”

“నేను వచ్చి మేస్తానని ఎవరు చెప్పారు?”

వెంకటన్న ఒక్కడే నవ్వాడు. నవ్వి, నవ్వకూడదేమోనని గొర్రెలను తోలుకొని పోయాడు.

మధ్యాహ్నం హాల్లో డాక్టరు సరిత ఫారాలు చూసింది. పాటకు ముందు కాంతమ్మ వేలిముద్ర పళ్ళు కొరికే ముఖం మీద ఉంది. పాట తర్వాత ముద్ర కూడా అదే ముఖం మీద, ఎర్రమట్టితో సహా ఉంది.

“ఏమీ తేడా లేదే అమ్మా?” అని అడిగింది.

“ఎందుకు లేదు? పొద్దున్నది ఊకె కూసున్న కోపం. అది కడుపుల పుండు లెక్క తింటది. ఇప్పటిది పని చేసిన కోపం. ఆకలైతది, నిద్ర పడ్తది.” కాంతమ్మ కాళ్ళు చాపుకుంది. మోకాళ్ళు వాచి ఉన్నాయి. “కోపం పోలే మేడం. గని ఇది మంచిది.”

సౌందర్య ఆమె మోకాళ్ళ ముందు కూర్చొని, “నొప్పి ఎక్కువైందా అవ్వా?” అంది. గొంతులో ఏడుపూ కోపమూ కలగలిసి ఉన్నాయి. “తెలిసే చేసినవు గద? నా ఉద్యోగం పోయేది.”

“పోతే పోతుండె. నీతోని నేను గూడ వస్తుంటి. లేసి నడుస్తున్న గద ఇప్పుడు.” కాంతమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నిండా మట్టే. “ఉడుకునీళ్ళు తెప్పియి బిడ్డా. బకెట్ గాదు. కాగెడు.”

ఆ రోజు సాయంత్రం బోరు రెండు గంటలు నడిచింది. చల్లనీడలో ఇరవై రెండు మంది వరుసగా స్నానాలు చేశారు. గోవిందు కాంతమ్మ కంటే ముందు వెళ్తానని గొడవపడ్డాడు. వెళ్ళలేదు.

వారానికి రిపోర్టు వచ్చింది. నర్సింహులు దాన్ని నిలబడే చదివాడు. నీళ్ళు ముందు మనుషులకు, మిగిలితే మొక్కలకు అని మొదటి మాట. సౌందర్య చేయించిన పాట, కదలిక కార్యక్రమం తను చూసినవాటన్నిటిలో మేలైనదని రెండో మాట. ఆయన తనదే ఐడియా అని కారులో చెప్పాడు గనుక, దాన్ని ప్రతి గురువారం అదే విధంగా జరిపించి ఫొటోలతో పంపే బాధ్యత మేనేజరుదేనని మూడో మాట. తప్పితే ఆశ్రమం అనుమతి మళ్ళీ పరిశీలించాల్సి ఉంటుందని నాలుగోది.

గురువారం వచ్చింది. కాంతమ్మ కుర్చీలో కూర్చొని, చేతులు కట్టుకుంది.

“లెవ్వు కాంతమ్మా, జర పాట ఎత్తు,” అన్నాడు నర్సింహులు. ఆయన ఎవరినైనా బతిమాలడం అదే మొదలు.

“ఏం పీకాలె? కలుపేది?”

వాకిలంతా ఎర్రగా, నున్నగా ఉంది. వెనక పెరట్లో ఉన్న తుంగను, వయ్యారిభామను ఆ సోమవారమే, తన పచ్చిక పోయిందన్న కోపంతో, నర్సింహులు మనుషులను పెట్టి తీయించాడు. ఆయన తలపట్టుకున్నాడు. గోవిందే ఉపాయం చెప్పాడు: పల్లి విత్తుదాం, పల్లితో పాటు కలుపు దానంతటదే వస్తుంది. ఎన్ని సాళ్ళు వేయాలన్న దాని మీద గోవిందూ కాంతమ్మా రెండు రోజులు కొట్లాడుకున్నారు. మూడో రోజు విత్తారు. స్నానాల గది నీళ్ళను సౌందర్య అటువైపు మళ్ళించింది. పల్లి మొలిచింది. కలుపు దానికంటే బాగా మొలిచింది.

ఇప్పుడు గురువారం కాని రోజు ఎవరైనా ఆ కలుపు మీద చెయ్యి వేస్తే నర్సింహులుకు ఎక్కడలేని కోపం వస్తుంది.